రెండు రోజుల రిపేర్ల క్లాసుకు డబ్బు కట్టొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నేను, మా అత్తయ్యగారు, తొమ్మిదేళ్ల బాబు ఉంటాం. మావారి ఉద్యోగం పుణెలో, పదిహేను రోజులకోసారి వస్తారు. బాత్రూంలో కుళాయి కారుతుంటే ప్లంబర్‌ని పిలిచాను. అయిదు నిమిషాల్లో వాషర్ మార్చి 400 తీసుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ కారింది, మళ్లీ వచ్చాడు, మళ్లీ 400. ఇప్పుడు మూడోసారి కారుతోంది. మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన చూశాను. ఇంటి రిపేర్లు నేర్పే క్లాసులట, శని ఆదివారాలు రెండు రోజులు, అసలేమీ రానివాళ్ల కోసమే, ఫీజు 3,500. చేరదామని ఉంది. అత్తయ్యగారేమో 'కరెంటుతో ఆటలేంటమ్మా, అవన్నీ మగవాళ్ల పనులు' అంటున్నారు. డాలస్‌లో ఉన్న మా అక్క 'దానికి క్లాసెందుకే, యూట్యూబ్ చూసి నేను అన్నీ చేసుకోవట్లేదా' అంటోంది. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా సరిగా రాదు. డబ్బు దండగవుతుందంటారా?

జవాబు: చేరండి. కాకపోతే డబ్బు పంపే ముందు ఆ ప్రకటనలో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి ఒక్క సంగతి అడగండి, ఎంతమందికి ఎన్ని కుళాయిలు పెడతారు అని. ఇరవైమందికి ఒక కుళాయి, ఒక స్విచ్‌బోర్డు పెట్టి, ముందు ఒకాయన నిలబడి విప్పుతుంటే మిగతావాళ్లు ఫోన్లలో వీడియో తీసుకునే క్లాసు అయితే దానికి 3,500 కాదు, 35 రూపాయలు కూడా వద్దు. అది మీ అక్క చెప్పిన యూట్యూబే, మధ్యాహ్నం భోజనం పెడతారు, అంతే తేడా. అలా కాకుండా ఇద్దరికో ముగ్గురికో ఒక సెట్టు ఇస్తాం, మీ చేత్తో మీరే విప్పి, పాడుచేసి, మళ్లీ బిగించాలి అంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా కట్టేయండి.

నేను రెండు రకాలవీ చూశాను. మొదటిది ఏసీ హాల్లో, స్లైడ్లతో. ఇంటికొచ్చి చూసుకుంటే పానా ఎటు తిప్పితే వదులవుతుందో కూడా నాకు గుర్తులేదు. రెండోది రిటైరైన ఒక మేస్త్రి తన షెడ్డులో పెట్టింది. పాత తలుపు చెక్కని బల్లలా పరిచి, దాని అంచున పైపు ముక్కలు బిగించి, వాటికి ఎనిమిది కుళాయిలు పెట్టాడు. ఉన్నది పదకొండు మందిమి. ఆయన చెప్పిన మొదటి పాఠం ఏంటో తెలుసా, విరగ్గొట్టడం. తలా ఒక ప్లాస్టిక్ కుళాయి చేతిలో పెట్టి 'ఇది విరిగేదాకా బిగించండి' అన్నాడు. మేం మొహమొహాలు చూసుకున్నాం. బిగిస్తూ పోతే మొదట మర హాయిగా తిరుగుతుంది, తర్వాత చేతికి అడ్డం తగులుతుంది, అక్కణ్నుంచి ఇంకో పావు చుట్టు కష్టంగా వెళ్తుంది, ఆ పైన ఒక్క క్షణం లోపలెక్కడో మెత్తబడినట్టు, పట్టు సడలినట్టు అనిపిస్తుంది, ఇంకొంచెం తిప్పగానే 'టప్'మని కుళాయి ముక్క చేతిలోకి వస్తుంది. 'ఆ మెత్తబడటం గుర్తుపెట్టుకోండి, దానికి ముందే ఆగాలి' అన్నాడాయన. అది కంటికి కనబడేది కాదు, మణికట్టుకి తెలిసేది, అందుకే ఏ వీడియోలోనూ దొరకదు. మీరు 3,500 కట్టేది దీనికే.

నాకు ఇది ఖరీదుగా తెలిసొచ్చింది, అదీ చెప్తాను. ఆ క్లాసుకి వెళ్లక ముందు, ఒక రాత్రి తొమ్మిదింటికి, వీడియో చూసి కమోడ్ పక్కనుండే హెల్త్ ఫాసెట్ గొట్టం మార్చబోయాను. గొట్టం బాగానే బిగిసింది, ఒక్క చుక్క మాత్రం ఆగట్లేదు. ఆ ఒక్క చుక్క కోసం ఇంకాస్త, ఇంకాస్త అని రెంచితో బిగించాను. గోడలోంచి వచ్చే యాంగిల్ వాల్వ్ మర దగ్గర విరిగి, సగం ముక్క గోడలోనే ఉండిపోయింది. ఇక నీళ్లు ఎలా చిమ్మాయో మీరే ఊహించుకోండి. నా తప్పు బిగించడం ఒక్కటే కాదు, మా ఫ్లాటుకి నీళ్లు ఆపే వాల్వ్ ఎక్కడుందో నాకు తెలియదు, వాచ్‌మన్‌కి తెలియదు, అయిదేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాం మరి. చివరికి అతను టెర్రస్ మీదికి పరిగెత్తి మొత్తం లైనే కట్టేశాడు, దాంతో మా నిలువునా ఉన్న ఫ్లాట్లన్నిటికీ నీళ్లు బంద్. కింది ఫ్లాటు పెద్దాయన ఒంటికి సబ్బుతో ఉన్నారట ఆ టైముకి, ఇప్పటికీ లిఫ్టులో కనిపిస్తే నవ్వుతారు. మా వాల్వ్ ఎక్కడుందీ అంటే బాత్రూం ఫాల్స్ సీలింగ్ పైన, గీజర్ వెనకాల.

కాబట్టి క్లాసు సంగతి ఎలా ఉన్నా ఇవాళ సాయంత్రమే ఒక పని చేయండి. మీ ఫ్లాటులో వాల్వులన్నీ వెతకండి. వంటింట్లో సింకు కింద, బాత్రూంలో అటక మీద, వెనక డక్టులో, ఎక్కడైనా ఉండొచ్చు. ఒక్కోటి కట్టేసి ఏ కుళాయి ఆగిందో చూసి, మార్కర్‌తో చిన్న చీటీ రాసి అంటించండి. బాబుకి కూడా చూపించండి, తొమ్మిదేళ్లవాడికి ఇది బ్రహ్మాండమైన ఆట. బోరు నీళ్లయితే లోపల ఉప్పు పేరుకుని వాల్వ్ బిగుసుకుపోయి ఉండొచ్చు, కదలకపోతే బలవంతం చేయకండి, ప్లంబర్ ఎలాగూ వచ్చినప్పుడు దాన్నీ చూడమనండి. కదిలేవాటిని ఆర్నెల్లకోసారి ఊరికే అయినా మూసి తెరుస్తూ ఉంటే అవసరమైన రోజున మొరాయించవు.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడ సగం కరెక్టు. మగవాళ్ల పనులు అన్నది పక్కన పెట్టండి, కరెంటుతో ఆటలొద్దు అన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, మీ భయం కూడా మంచిదే, పోగొట్టుకోకండి. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. క్లాసులో కరెంటు పాఠం ఎలా చెప్తున్నారో చూస్తే ఆ నేర్పేవాడు ఎలాంటివాడో తెలిసిపోతుంది. మొదటి అరగంటలోనే స్విచ్ విప్పించేవాడైతే నాకు నచ్చదు. ముందు బోర్డు దగ్గర నిలబెట్టి ఏది ఆపితే ఏది ఆగుతుందో చూపించాలి.

ఇక్కడ మన ఇళ్లకే ఉన్న ఒక మెలిక ఉంది, చాలామంది చదువుకున్నవాళ్లకి కూడా తట్టదు. ఇన్వర్టర్. ఫ్యాను రిపేరు చేద్దామని మీరు మెయిన్ ఆపేస్తారు, ఇల్లంతా ఆగినట్టే అనుకుంటారు. ఇన్వర్టరేమో 'కరెంటు పోయింది' అనుకుని ఆ క్షణమే పని మొదలుపెడుతుంది! ఫ్యాన్లు, లైట్లు సాధారణంగా ఇన్వర్టర్ లైను మీదే ఉంటాయి కదా, మీరు చెయ్యి పెట్టే వైర్లోనే కరెంటు ఉంటుంది. మెయిన్ ఆపాలి, ఇన్వర్టర్‌ని దాని స్విచ్ దగ్గర కూడా ఆపాలి, ఆ తర్వాత టెస్టర్ పెట్టి చూడాలి. టెస్టర్ పాడైపోయినా వెలగదు కాబట్టి, అన్నీ ఆపకముందే దాన్ని కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందని చూసుకోవాలి. గోడ మీద ఫ్యాన్ స్విచ్ ఆపాం కదా చాలదా అంటారేమో, చాలదు. కొన్ని ఇళ్లలో ఎవరో తెలియక స్విచ్‌ని ఫేజ్‌కి (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్ (అది తిరిగి వెళ్లే వైరు) మీద పెట్టేసి ఉంటారు, ఫ్యాన్ ఆగుతుంది కానీ లోపల కరెంటు అలాగే ఉంటుంది. వైర్ల రంగుల్ని కూడా పూర్తిగా నమ్మకండి. ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అని క్లాసులో చెప్తారు, వైర్లు పట్టుకొచ్చిన రోజున షాపులో ఏ రంగు దొరికిందో అదే వేసిన ఇళ్లు నేను చూశాను.

ఇంకొకటి, మీ బోర్డులో ఎంసీబీలు, అంటే లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు, వరసగా ఉంటాయి, 'ఎంసీబీ ఉందిగా, షాక్ కొడితే పడిపోతుంది' అని చాలామంది ధైర్యంగా ఉంటారు. పడిపోదు. ఎంసీబీ ఉన్నది వైర్లు కాలిపోకుండా, మనిషి కోసం కాదు. మనిషి కోసం ఉండేది ఆర్‌సీసీబీ, ఇళ్లలో 30 మిల్లీఆంపులది పెడతారు, అంత కొంచెం కరెంటు దారి తప్పి ఒంట్లోంచి నేలకి పోయినా వెంటనే కట్ చేస్తుంది. దాని మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. పడకపోయినా, అసలు మీ బోర్డులో అదే లేకపోయినా, రిపేర్ల క్లాసు తర్వాత సంగతి, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది పెట్టించండి. క్లాసయ్యాక కూడా మీరు చేయాల్సింది బల్బు, ట్యూబు, ఐరన్ బాక్స్ ప్లగ్ టాప్, మహా అయితే నెమ్మదించిన ఫ్యాన్‌కి కండెన్సర్. అది మామూలు సీలింగ్ ఫ్యాన్లలో చాలావాటికి 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, పాతది పట్టుకెళ్లి అదే తెచ్చుకోవాలి, తీసేటప్పుడు రెండు వైర్ల కొసలు చేతికి తగలనివ్వకూడదు, దానిలో కరెంటు కాసేపు నిలవ ఉంటుంది. మొదటిసారి పక్కన తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటేనే చేయండి. గీజర్ జోలికి వెళ్లొద్దు. మెయిన్ బోర్డు విప్పొద్దు. గ్యాస్ అయితే అసలు ఈ లెక్కలోనే లేదు, వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తీసి 1906కి ఫోన్ చేయడమే.

మీ అక్క చెప్పింది అబద్ధం కాదు, ఆవిడ అక్కడ చేసుకుంటోంది. ప్లంబర్ గడప తొక్కితేనే వంద డాలర్ల పైమాట అయినప్పుడు ఎవరైనా నేర్చుకుంటారు. కానీ 'క్లాసెందుకే' అంటోంది చూశారా, ఆవిడ ఉంటున్న దేశంలోనే హోమ్ డిపో అనే ఇంటి సామాన్ల షాపుల సంస్థ 2003లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా ఇలాంటి క్లాసులు మొదలుపెట్టింది, షాపులోనే నిలబెట్టి టైల్స్ వేయించడం, డ్రిల్లు పట్టించడం చేసింది. ఈ మాట అత్తయ్యగారికి కూడా చెప్పొచ్చు. అసలు సమస్య వేరే, అక్కడి ఇల్లు వేరు, మన ఇల్లు వేరు. అక్కడ గోడ అంటే కర్ర ఫ్రేముకి కొట్టిన జిప్సం బోర్డు, ఇక్కడ ఇటుకో సిమెంటు దిమ్మో, కొత్త టవర్లలో అయితే మైవాన్ అని మొత్తం కాంక్రీటు గోడే. మామూలు డ్రిల్లు పెడితే కాంక్రీటు మీద మచ్చ పడుతుంది తప్ప కన్నం పడదు, హ్యామర్ డ్రిల్లు కావాలి. అక్కడ ఇంట్లో 120 వోల్టులు. పైపుల మరలు కూడా వేరే కొలత. ఆవిడ వీడియో కాల్‌లో చెప్తుంటే మీరు ఇక్కడ చేయబోయారనుకోండి, ఇద్దరూ మంచివాళ్లే, మధ్యలో గోడ పాడవుతుంది. మీ క్లాసులో డ్రిల్లింగ్ ఉంటే అది మన గోడ మీదే చేయిస్తున్నారా అని కూడా అడగండి. స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైనా కిందా, కుళాయికి సరిగ్గా పైనా కిందా కన్నం పెట్టకూడదని, లోపల పైపులు నిలువునా అక్కడే పోతాయని చెప్పాడంటే ఆ నేర్పేవాడికి పని తెలుసు.

డబ్బు విషయం సూటిగా చెప్తాను. 3,500 ఫీజు, పైన సామాన్లకి ఓ 1,500, మొత్తం 5,000. మీ ప్లంబర్ లెక్కన పన్నెండు సార్లు పిలవొచ్చు ఆ డబ్బుతో. కాబట్టి 'మొదటి ఏడాదిలోనే వెనక్కొచ్చేస్తుంది' అని ప్రకటనలో రాసి ఉంటే నమ్మకండి. రాకపోవచ్చు. నాకు మిగిలింది డబ్బు కాదు, మాట. ఇదివరకు 'కుళాయి కారుతోంది, రా బాబూ' అనేదాన్ని. ఇప్పుడు ఫోన్లోనే 'స్పిండిల్ (కుళాయి లోపల తిరిగే కడ్డీ) కాదు, వాషర్ బానే ఉంది, మర చుట్టూ చుట్టిన టేపు పోయింది, హాఫ్ ఇంచి' అని చెప్తాను, అతను సరిగ్గా ఆ సామాను తెచ్చుకుని ఒక్క రౌండులో పని ముగించుకుని పోతాడు, ఇద్దరికీ హాయి. మార్చిన పాత పార్టు నా చేతికి ఇమ్మంటాను, ఇస్తాడు. ప్లంబర్ దొంగ అని మాత్రం నేననను, ఆ 400లో వాషర్ ఖరీదు అయిదో పదో కావచ్చు, మిగతాది బండి పెట్రోలు, అరగంట ట్రాఫిక్కు, మీకంటే ముందు ఇంకో పదేళ్లు కుళాయిలు విప్పిన చేయి. గోడలో దాగిన పైపు, పై ఫ్లాటు నుంచి కారే నీళ్లు, ఇలాంటివాటికి నేను ఇప్పటికీ అతన్నే పిలుస్తాను.

ఆ క్లాసు వాళ్లు ఫోన్లో నీళ్లు నమిలారంటే ఇంకో దారి ఉంది. ఐటీఐల్లో ప్లంబర్ కోర్సు ఏడాది, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, హైదరాబాద్‌లోనే న్యాక్ అనే నిర్మాణ పనుల శిక్షణ సంస్థ ఉంది, జిల్లాల్లో బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి, అవన్నీ దాన్నే బతుకుతెరువు చేసుకునేవాళ్లకి, మీకు పనికిరావు. మీ అపార్ట్‌మెంట్‌లో ఓ ఆరుగురు ఆడవాళ్లని పోగుచేయండి, కచ్చితంగా దొరుకుతారు, అందరిదీ ఇదే గోల. తలా 500 వేసుకుని, మీ బిల్డింగుకి రెగ్యులర్‌గా వచ్చే ప్లంబర్‌నో ఎలక్ట్రీషియన్‌నో ఒక ఆదివారం పూట కూర్చోబెట్టి, మీ ఇళ్లలో ఉన్న కుళాయిల మీదే, మీ బోర్డుల ముందే చెప్పమనండి. అతను చేయకూడదు, మీతో చేయించాలి, ఇది ముందే ఒప్పించండి, లేకపోతే పాపం వాళ్లకి చేతులు ఆగవు, లాక్కుని చేసేస్తారు.

క్లాసులో ఏమేం పట్టుకోవాలంటే, నా లెక్కలో కుళాయి విప్పి వాషర్ లేదా స్పిండిల్ మార్చడం, టెఫ్లాన్ టేపు చుట్టడం, ఫ్లష్ ట్యాంకు, సింకు కింద గిన్నెలా ఉండే ట్రాప్ విప్పి కడగడం, గోడకి కన్నం పెట్టి ప్లాస్టిక్ గిట్టి కొట్టి స్క్రూ బిగించడం. ఇవి వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. టేపు చిన్న విషయంలా ఉంటుంది కానీ సగం లీకులు దాని దగ్గరే మొదలవుతాయి. మర కొస మీ వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి, లాగి పట్టి, ఓ పది పన్నెండు చుట్లు. దానికి ఎదురువైపు చుడితే మీరు కుళాయి బిగిస్తుంటే టేపు విడిపోతూ ఉంటుంది, తెల్లటి పోగులు బయటికొచ్చాయంటే అదే. ఫ్లష్ ట్యాంకు కారుతోందో లేదో తెలుసుకోవడానికి ఏ సామానూ అక్కర్లేదు, ట్యాంకు మూత తీసి బట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి పావుగంట ఎవర్నీ వెళ్లనివ్వకండి, కమోడ్‌లో నీలం కనబడితే లోపల వాషర్ పోయినట్టే. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే వేసవిలో ఇది చూడకుండా ఉండకండి.

సామాన్లు ముందే కొనకండి. 'హోమ్ టూల్ కిట్ 101 పీసులు' అని ఆన్‌లైన్‌లో కనిపించేదైతే అసలే వద్దు, అందులో తొంభై మీకు జీవితంలో అవసరం రావు, మిగతావి మొదటి వాడకానికే అరుగుతాయి. క్లాసులో చేతికి అలవాటైన సైజు చూసుకుని హార్డ్‌వేర్ షాపులో విడిగా తీసుకోండి, పది అంగుళాల సర్దుబాటు పానా, కటింగ్ ప్లయర్, మంచి టెస్టర్, చిన్నదీ పెద్దదీ స్టార్ స్క్రూడ్రైవర్లు, సుత్తి, టేపు చుట్టలు. డ్రిల్లు మెషీన్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, ఏడాదికి రెండుసార్లు వాడేదానికి కొనడం ఎందుకు. క్లాసయిన వారంలోపే ఇంట్లో ఒక్కటైనా చేయండి, పదిహేను రోజులు గడిచాయంటే చేతికి వచ్చింది చేతిలోంచే పోతుంది, నాకు రెండోసారి టేపు చుట్టడం మళ్లీ అడగాల్సి వచ్చింది.

అన్నట్టు మీ బాత్రూం కుళాయి. మూడోసారి వాషర్ వేయించకండి. తిప్పి తిప్పి మూసే పాత రకం కుళాయే అయితే, ప్లంబర్ తీసేసిన పాత వాషర్ ఎక్కడైనా పడి ఉందేమో వెతకండి, లేకపోతే క్లాసయ్యాక వాల్వ్ కట్టేసి మీరే విప్పి చూడండి. వాషర్ మీద గుండ్రటి గాడి చుట్టూ సమంగా పడి ఉంటే అది మామూలు అరుగుదల. ఒక పక్కన మాత్రమే తెగినట్టు, కొరికినట్టు ఉంటే తప్పు వాషర్‌ది కాదు, అది ఆనే లోపలి ఇత్తడి అంచుది, దాన్ని సీటు అంటారు. ఉప్పు నీళ్లకి అక్కడ గుంట పడి ఉంటుంది, వేలు పెట్టి తడిమితే గరుకు తెలుస్తుంది. ఆ గుంట ఎన్ని కొత్త వాషర్లు వేసినా రెండు నెలల్లో కోసేస్తుంది, మీకు జరుగుతున్నది అదేనని నా అనుమానం. సీటు పోయిందంటే కుళాయే మార్చడం మేలు, మార్చేటప్పుడు పాతది పట్టుకెళ్లి షాపులో అదే సైజుది తెచ్చుకోండి, బిగించేటప్పుడు చివరి పావు చుట్టు దగ్గర చేయి ఏం చెప్తోందో చూసుకోండి.